ఆ ఫైలు మూయనీయొద్దు

పూతలపట్టు,
ఆదివారం.

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీర్వాదాలు.

నీ జాబు చదివినాను. లా చదివి కోర్టుకు పోతావనుకుంటే, పరాయి దేశాల జైళ్ళలో మగ్గే వాళ్ళ తరఫున ప్రభుత్వాలను అడిగే ఉద్యోగంలో చేరుతున్నావని తెలిసి మీ అమ్మ దిగులు పడుతోంది. నేను పడలేదు. దొంగతనం చేయక, ఎవరి మీదా చెయ్యెత్తక, నమ్మిన మాట నోరు తెరిచి చెప్పినందుకు, రాసినందుకు, మొక్కే దేవుడు వేరైనందుకు లోపల వేస్తే, ఆ మనిషి తరఫున మాట్లాడే వాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాల. అది నువ్వు కావడం నాకు సంతోషమే.

నువ్వడిగిన ప్రశ్నలు రెండు. ఎక్కడో కూర్చుని రాసిన కాగితానికి ఏ సర్కారైనా జైలు తలుపు తీస్తుందా అన్నది మొదటిది. మన దేశంలోనే ఇట్లాంటి ఖైదీలు ఉండగా పక్క దేశాన్ని అడిగే మొహం మనకు ఉందా అన్నది రెండోది. ఫోన్లో తేలే సంగతులు కావని కాగితం తీసినాను. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, కాబట్టి చరిత్ర నుంచే మొదలుపెడతాను. ఓర్పుగా చదువు.

మన కూడలి నుంచి తిరుపతి మీదుగా నాయుడుపేటకు పోయే రోడ్డు నీకు తెలుసు. నాయుడుపేట దాటి నెల్లూరు వైపు కాస్త పోతే గూడూరు, అబ్రకం గనుల సీమ. ఆ గూడూరు వైపు ఒక పల్లెలో 1924 జూలై 1న ఏనుగ శ్రీనివాసులు రెడ్డి పుట్టినారు. బయటి ప్రపంచానికి ఇ.ఎస్.రెడ్డి. తండ్రి అబ్రకం కంపెనీలో మేనేజరు, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయినాయన. గాంధీ నిధి అడిగినప్పుడు తల్లి ఒంటి మీది నగలు తీసి ఇచ్చేసింది. కొడుకు మద్రాసులో చదివి, 1946లో న్యూయార్క్ పోయి, 1949లో ఐక్యరాజ్యసమితి సచివాలయంలో చేరినారు. 1963లో అక్కడ జాతివివక్ష మీద ప్రత్యేక సంఘం పని మొదలుపెడితే దానికి కార్యదర్శి అయినారు. అప్పటి నుంచి రెండు దశాబ్దాలకు పైగా దక్షిణాఫ్రికా ఖైదీల సంగతి ప్రపంచం మరిచిపోకుండా చూడడమే ఆయన ఉద్యోగం. మండేలా పేరు మన బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ పేరును బయట సజీవంగా ఉంచిన వాళ్ళలో ఒకరైన ఈయన పేరు మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో ఎంతమందికి తెలుసునో నాకు అనుమానమే. పుస్తకాల్లో లేకపోయినా నేను తరగతిలో చెప్పేదాన్ని.

దక్షిణాఫ్రికా మనకు అంత పరాయిదేమీ కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మంది కూలీలతో అక్కడి నేటాల్‌కు పోయింది. అప్పటి నుంచి 1911 దాకా పోయిన వాళ్ళు లక్షా యాభై రెండు వేలకు పైచిలుకు. మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కినారు. కూలీలను ఎక్కువగా కూడగట్టిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి, చిత్తూరు అప్పుడు అందులోదే. చిత్తూరు వేరు జిల్లా అయిందీ, నేటాల్‌కు కూలీల ఓడలు ఆగిపోయిందీ 1911లోనే. చెరుకు తోటల్లో పనికని మన సీమ నుంచి పోయినవాళ్ళ మనవళ్ళూ మనవరాళ్ళూ అక్కడి జైళ్ళు చూసినారు.

1946లో అక్కడి సర్కారు భారతీయులు ఎక్కడ స్థలం కొనాలో, ఎక్కడ కాపురం ఉండాలో కట్టడి చేస్తూ చట్టం తెస్తే, దాన్ని ధిక్కరించి రెండు వేల మంది జైలుకు పోయినారు. మన దేశానికి ఇంకా స్వాతంత్ర్యమే రాలేదు. అయినా ఢిల్లీ ప్రభుత్వం ఆ జూన్‌లో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపింది, జూలైలో దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది. అప్పటికి మన ఎగుమతుల్లో సుమారు ఐదున్నర శాతం ఆ దేశానికే పోయేది. బీద దేశానికి అది చిన్న నష్టం కాదు. సభలో మన తరఫున విజయలక్ష్మీ పండిట్ వాదించినారు. 'ఇది మా ఇంటి వ్యవహారం, మీకేం పని' అని అవతలి పక్షం ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలోని రెండో అధికరణం ఏడో పేరా చూపించింది. ఆ పేరా గుర్తు పెట్టుకో. రేపు నీకు వచ్చే జవాబుల్లో సగం దాని నుంచి పుట్టినవే అయివుంటాయి. ఆ డిసెంబరు 8న సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో భారతదేశం పక్షాన నిలిచింది. మనుషులను హింసించడం ఏ దేశానికీ సొంత వ్యవహారం కాదన్న వాదాన్ని ఆ సభలో అంత గట్టిగా నిలబెట్టింది మన దేశమే. ఆ ఏడాదే చదువుకోవడానికి న్యూయార్క్ చేరిన కుర్రవాడు శ్రీనివాసులు రెడ్డి.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకు వస్తాను.

1963 అక్టోబరు 9న ప్రిటోరియా కోర్టులో మండేలా మీదా, ఆయన తోటివాళ్ళ మీదా కేసు మొదలైంది. ఉరి పడుతుందని అందరూ అనుకుంటున్న కేసు. రెండు రోజులకే, 11వ తేదీన, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ విచారణ ఆపమనీ, రాజకీయ ఖైదీలందరినీ విడిచిపెట్టమనీ తీర్మానం చేసింది. 106 దేశాలు ఔనంటే, కాదన్నది దక్షిణాఫ్రికా ఒక్కటే. అంతకుముందు తప్పించుకు తిరిగిన పడమటి దేశాలు సైతం ఆ రోజు చెయ్యెత్తినాయి. ఖైదీల సంగతి మీద ఎవరూ కాదనలేని చిన్న తీర్మానం పెడదామన్న ఆలోచన వెనక శ్రీనివాసులు రెడ్డి పని ఉంది. ఆంక్షలని రాస్తే బ్రిటన్, అమెరికా పక్కకు జరుగుతాయి. ఉరి తీయొద్దు, విడిచిపెట్టండి అని రాస్తే జరగలేవు. ఏ వాక్యం దగ్గర ఎంతమంది నిలబడతారో ముందే కొలిచి రాయడం, పాపా, నీ పనిలో సగం.

1964 జూన్ 9న భద్రతా మండలి కూడా వాళ్ళకు క్షమాభిక్ష పెట్టమంది. ఏడు దేశాలు అనుకూలం, నాలుగు తటస్థం. మూడు రోజులకు, జూన్ 12న, జడ్జి ఉరి వేయలేదు, యావజ్జీవం వేసినాడు. ఆ తీర్మానాలు ఉరిని ఆపినాయా? బయటి ఒత్తిడికీ తీర్పుకూ సంబంధం లేదన్న వాళ్ళున్నారు, ఉందన్న వాళ్ళున్నారు. ప్రపంచం కళ్ళు ఆ కోర్టు గది మీద లేకుంటే ఆ జడ్జి చేయి ఎటు పోయేదో తలచుకుంటే నాకు భయమేస్తుంది. నువ్వు ఏ కేసులోనూ 'మా ఉత్తరం వల్లే విడిచినారు' అని రుజువు చూపలేవు. విడిచే సర్కారు ఎప్పుడూ తన దయ అనే చెప్పుకుంటుంది, చెప్పుకోనీ. పేరు నీకు రావాలని చూస్తే మనిషి బయటికి రావడం ఆలస్యమవుతుంది.

యావజ్జీవం పడ్డాక ఏం జరిగిందో చూడు. కేసు నడిచేటప్పుడు ఉన్న హడావిడి అంతా చల్లారింది. రాబెన్ ద్వీపం జైల్లో మొదట్లో వాళ్ళకు ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్. పేపరు లేదు. పదేళ్ళు గడిచినాయి, ఇరవై గడిచినాయి. బయట దేశాధినేతలు మారినారు, రాయబారులు మారినారు, కొత్త యుద్ధాలు వచ్చినాయి. ఆ మధ్య కాలంలో, ఎవరూ చప్పట్లు కొట్టని ఏళ్ళలో, శ్రీనివాసులు రెడ్డి కార్యాలయం పని చేస్తూనే ఉంది. అక్టోబరు 11ను దక్షిణాఫ్రికా రాజకీయ ఖైదీల సంఘీభావ దినంగా పాటించేటట్టు చేసినారు. 1978 జూలైలో మండేలాకు అరవై ఏళ్ళు నిండితే, ప్రపంచమంతటా పుట్టినరోజు జరిపించడానికి పూనుకున్నారు. 1979 సంవత్సరపు నెహ్రూ అవార్డు మన దేశం మండేలాకు ఇచ్చింది, ఆయన జైల్లో ఉండగా సహచరుడు ఆలివర్ టాంబో ఢిల్లీ వచ్చి అందుకున్నాడు. మండేలా బయటికి వచ్చింది 1990 ఫిబ్రవరి 11న. ఉరి తీయకుండా ఆపడానికి ఎనిమిది నెలల శ్రమైతే, తలుపు తెరిపించడానికి మరో పాతికేళ్ళకు పైగా పట్టింది. నువ్వు ఈ రెండో రకం పనికి సిద్ధపడి పో. మొదటి రకానికి మనుషులు ఎప్పుడూ దొరుకుతారు.

ఇంకో సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1965లో ఐక్యరాజ్యసమితి ఒక నిధి పెట్టింది. రాజకీయ ఖైదీల లాయరు ఖర్చులకూ, వాళ్ళ పెళ్ళాం బిడ్డల తిండికీ. దాన్ని నడిపిన కార్యదర్శి కూడా రెడ్డిగారే. ఆ డబ్బులో ఎక్కువ భాగం లండన్‌లో జాన్ కాలిన్స్ అనే క్రైస్తవ మతాచార్యుడి సంస్థ ద్వారా పోయేది. 1966లో దక్షిణాఫ్రికా ఆ సంస్థను నిషేధించింది. అప్పుడు వాళ్ళు చేసిన ఉపాయం విను. ఇంగ్లండులో మామూలు మనుషులు, గృహిణులు, రిటైరైన వాళ్ళు, ఖైదీల కుటుంబాలకు స్నేహితుల్లాగా ఉత్తరాలు రాసేవాళ్ళు. 'పిల్లలు బడికి పోతున్నారా, చలికి స్వెటర్లు ఉన్నాయా' అని రాసి, ఉత్తరంలో కొంచెం డబ్బు పెట్టి పంపేవాళ్ళు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసే వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఏళ్ళ తరబడి నడిచినా పోలీసులు దాని గుట్టు పట్టలేకపోయినారు. 1991 దాకా మొత్తం మీద పది కోట్ల పౌండ్ల దాకా ఆ దారిన చేరిందంటారు. రాయబారులు సభల్లో మాట్లాడుతున్నంత కాలమూ ఇంటి దగ్గర పొయ్యి వెలిగించింది ఆ ఉత్తరాలే. జైల్లో మనిషి లొంగిపోవడానికి మొదటి కారణం దెబ్బలు కావు, బయట పిల్లలు పస్తులుంటున్నారన్న కబురు. నీ సంస్థలో ఆ పని చూసే విభాగం ఉంటే, అది నీ బల్లకు దూరంగా ఉన్నా సరే, వాళ్ళతో రోజూ మాట్లాడు.

పేర్ల సంగతి కూడా చెప్పాల. తంబి నాయుడు అని గాంధీతో పాటు అక్కడ సత్యాగ్రహం చేసి మాటిమాటికీ జైలుకు పోయిన ఆయన మనవడు ఇంద్రెస్ నాయుడు, 1963 నుంచి 1973 దాకా పదేళ్ళు రాబెన్ ద్వీపంలో ఉన్నాడు. ఖైదీ నంబరు 885/63. ఆయన అక్క శాంతిని 1969లో పట్టుకుపోయి నిద్ర పోనివ్వకుండా ప్రశ్నించి, ఏడాదికి పైగా ఒంటరి గదిలో ఉంచినారు. మండేలా భార్య విన్నీకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని కోర్టుకు తెస్తే, అట్లా చెప్పి తన మనస్సాక్షితో తాను బతకలేనని అక్కడే జడ్జి ముందు చెప్పేసింది. అందుకు మళ్ళీ శిక్ష. మండేలాను ప్రపంచమంతా తలచుకుంది. శాంతి నాయుడు లాంటి వందల మంది పేర్లు ఒక జాబితాలో ఒక వరసగానే ఉండిపోయినాయి. ఆ వరస తప్పు లేకుండా ఉండడం నీ బాధ్యత. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఏ జైలు, ఏ బ్యారక్, ఏ జబ్బు, ఏ మందు. జాబితాలో సరిగ్గా పడిన మనిషిని మాయం చేయడం కష్టం. మనకూ పాకిస్తాన్‌కూ పడకపోయినా, 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ దగ్గరున్న అవతలి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు పోయి హద్దు తెలియక దొరికిపోయిన మన ఉత్తరాంధ్ర జాలర్లు ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చినారు. వాళ్ళు నమ్మిన మాటకు జైలుపాలైన మనస్సాక్షి ఖైదీలు కారు, పొట్టకూటికి పోయినవాళ్ళు. అయినా జాబితా అనేది ఎందుకు అంత ముఖ్యమో వాళ్ళ ఇళ్ళలో అడిగితే చెబుతారు.

నువ్వు చేయబోయేది ఆ జాలర్ల కేసు కన్నా కష్టమైనది. మన మనిషి పరాయి జైల్లో ఉంటే మన కాన్సులేటు వాళ్ళు పోయి చూసే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇస్తుంది. కానీ ఒక దేశం తన పౌరుణ్ణే లోపల వేస్తే, బయటి రాయబారికి ఆ తలుపు తట్టే హక్కు కాగితం మీద లేదు. అందుకే వేరే దారులు. విచారణ రోజున నాలుగు దేశాల రాయబార కార్యాలయాల మనుషులు కోర్టు బయట నిలబడతారు. లోపలికి రానివ్వకపోయినా సరే, నిలబడడమే మాట. మానవ హక్కుల మండలిలో ఆ దేశపు వంతు వచ్చినప్పుడు పేరు పెట్టి అడుగుతారు. నిర్బంధాలు న్యాయమైనవో కావో తేల్చే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 1991 నుంచి ఉంది, వాళ్ళ అభిప్రాయానికి చట్టబలం లేకపోయినా పట్టుకు లాగడానికి ఒక కొక్కెం అవుతుంది. ఆ పైన వ్యాపారం.

పక్కనున్న శ్రీలంకనే చూడు. తిస్సనాయగం అనే తమిళ జర్నలిస్టుకు, తన పత్రికలో రాసిన రెండు వ్యాసాల కారణంగా, 2009 ఆగస్టు 31న ఇరవై ఏళ్ళ కఠిన శిక్ష పడింది. అంతకు ముందే ఆ మే నెలలో, పత్రికా స్వేచ్ఛ దినం సందర్భంగా, అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆయన పేరెత్తినాడు. అదే కాలంలో యూరపు దేశాలు శ్రీలంక బట్టలకు ఇచ్చే సుంకం రాయితీని మానవ హక్కుల లెక్క చూసి ఆపే పనిలో ఉన్నాయి. 2010 జనవరిలో బెయిలు, మే 3న, మళ్ళీ పత్రికా స్వేచ్ఛ దినానే, క్షమాభిక్ష. కోర్టులో ఓడిన కేసు మిల్లు గేటు దగ్గర గెలిచిందని నేను అనను, కానీ రెండూ ఒకే క్యాలెండరులో నడిచినాయి. ఏ తేదీ ఏ సర్కారుకు ముఖ్యమో నీ బల్ల మీద రాసిపెట్టుకో. పండుగలు, ఎన్నికలు, వాళ్ళ నాయకుడు విదేశాలకు పోయే రోజు, ఒప్పందం మీద సంతకం పడే వారం.

గట్టిగా అడగాలా, చాటుగా అడగాలా అని నీ సంస్థలో రోజూ వాదన జరుగుతుంది. మన వైపు బెల్లం పొయ్యి కాడ మంట ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు కట్టె వెనక్కి లాగాలో తెలిసిన వాళ్ళకే పాకం కుదురుతుంది. ఇదీ అంతే, కేసు కేసుకూ వేరు. చైనాలో జైల్లో ఉన్న రచయిత లియు షియావ్‌బోకు 2010లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినారు. ప్రపంచంలో అంతకన్నా పెద్ద గొంతు లేదు. ఆయన బయటికి రాలేదు, 2017 జూలై 13న కాపలా మధ్య ఆసుపత్రిలోనే పోయినాడు. బహుమతి ఇచ్చిన నార్వేతో చైనా ఆరేళ్ళు మాటలు మానేసింది. ఏ నేరమూ మోపకుండానే ఏళ్ళ తరబడి ఇంట్లో నిర్బంధించిన ఆయన భార్య లియు షియాను మాత్రం జర్మనీ వాళ్ళు చప్పుడు లేకుండా అడిగి, మరుసటి ఏడాది జూలైలో విమానం ఎక్కించుకున్నారు. చాటు దారి మన వాళ్ళకూ తెలుసు. 2022 ఆగస్టులో ఖతార్ పట్టుకున్న ఎనిమిది మంది మాజీ నేవీ ఉద్యోగుల్లో మన విశాఖపట్నం ఆయన ఒకరు. 2023 అక్టోబరు 26న వాళ్ళకు మరణశిక్ష పడింది, డిసెంబరు 28కి అది జైలు శిక్షగా తగ్గింది, 2024 ఫిబ్రవరి 12న వదిలేసినారు. వాళ్ళ మీద మోపిన నేరమేమిటో కూడా మన సర్కారు నోరు విప్పి చెప్పలేదు. చెప్పకుండానే తెచ్చుకుంది.

అయితే చాటుమాటు అన్నది ఒక్కోసారి ఏమీ చేయకపోవడానికి ముసుగు అవుతుంది. 'మేము లోపల మాట్లాడుతున్నాం' అని ఒక రాయబారి నీతో అంటే, ఏ తేదీన, ఎవరితో, వాళ్ళు ఏమన్నారు అని అడుగు. జవాబు లేకపోతే అక్కడ మాటలు జరగడం లేదని లెక్క. గట్టిగా అడగాలో వద్దో చెప్పే మొదటి హక్కు ఖైదీది, ఖైదీని అడగలేకపోతే ఇంటి వాళ్ళది. నీకు మంచి వ్యాసం పడుతుందని, నీ సంస్థకు చందాలు వస్తాయని ఆ నిర్ణయం నువ్వు తీసుకోవద్దు. వాళ్ళు మాట్లాడొద్దంటే నోరు కట్టుకుని ఫైలు తెరిచి పెట్టుకో.

రాసే మాట గురించి నీకు చెప్పాల్సిన పని లేదు, కాణిపాకం పక్కన పుట్టినదానివి. వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటే తడబడకుండా చేయగలిగిన మాటే కాగితం మీద పెట్టు. దెబ్బలు కొట్టినారని విన్నావా, ఎవరు చూసినారో కనుక్కో. నూరు నిజాల మధ్య ఒక్క అబద్ధం దొర్లితే అవతలి సర్కారు ఆ ఒక్కటే పట్టుకుని ఊగుతుంది, లోపలున్న మనిషి దాని బరువు మోస్తాడు.

ఎవరు మనస్సాక్షి ఖైదీ అన్న లెక్కతోనూ నీకు తిప్పలు వస్తాయి. 1961 మేలో లండన్ లాయరు పీటర్ బెనెన్సన్ పేపర్లో రాసిన వ్యాసంతో మొదలైన ఆమ్నెస్టీ సంస్థ, హింసను సమర్థించని వాళ్ళకే ఆ పేరు అన్నది. ఆ లెక్కన 1964లో మండేలాకు ఆ పేరు ఇవ్వలేదు, ఆయన ఆయుధం పట్టడాన్ని సమర్థించినాడు కాబట్టి. 2006లో అదే సంస్థ ఆయనకు తన పెద్ద అవార్డు ఇచ్చింది. ఆ నియమం నాకు తప్పుగా అనిపించదు, గీత లేకపోతే నీ మాటకు విలువ పోతుంది. కానీ గీతకు అవతల ఉన్న మనిషికి కూడా న్యాయమైన విచారణ కావాల, చిత్రహింస ఉండకూడదు. ఐక్యరాజ్యసమితిలో రెడ్డిగారి దారి వేరు, ఆయన తీర్మానాలు జాతివివక్షను ఎదిరించిన ఖైదీలందరినీ కలిపి అడిగినాయి. రెండు దారులూ కావాల. ఒకరిని ఒకరు తిట్టుకోకుండా నడిస్తే చాలు.

ఇక నీ రెండో ప్రశ్న, అడిగే మొహం మనకు ఉందా అన్నది.

రెడ్డిగారు కార్యదర్శిగా ఉన్న ఆ సంఘానికి మొదటి అధ్యక్షుడు గినీ దేశపు రాయబారి డియాలో టెల్లి. పడమటి దేశాలు ఆ సంఘంలో చేరమని తప్పుకుంటే, ఆఫ్రికా, ఆసియా దేశాల బలంతో దాన్ని నిలబెట్టిన మనిషి. దక్షిణాఫ్రికా ఖైదీల కోసం సభలో గొంతు చించుకున్న మనిషి. తర్వాత ఆఫ్రికా దేశాల ఐక్య సంస్థకు మొదటి ప్రధాన కార్యదర్శి కూడా అయినాడు. 1976 జూలైలో సొంత దేశంలో సెకూ టూరే సర్కారు ఆయన మీద కుట్ర కేసు పెట్టి బోయిరో క్యాంపులో వేసింది. 1977లో తిండీ నీళ్ళూ ఇవ్వకుండా చంపేసింది. ఎందరి కోసమో ప్రపంచాన్ని లేపినవాడు తన వంతు వచ్చేసరికి ప్రపంచం లేవకుండానే ప్రాణం విడిచినాడు. సెకూ టూరే వలస పాలనను ఎదిరించిన వీరుడు, జాతివివక్షకు శత్రువు. ఆయనను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేని స్నేహితులు చాలామంది ఉన్నారు. నీ పక్షం వాళ్ళు చేసే అన్యాయం ముందు నీ నోరు ఎట్లా ఉంటుందో అదే నీకు పరీక్ష, పాపా.

మన ఇంటి సంగతీ అంతే. అమలాపురంలో పుట్టి ఢిల్లీలో పాఠాలు చెప్పిన జి.ఎన్.సాయిబాబా మావోయిస్టులతో సంబంధం ఉందన్న కేసులో, తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉండి నాగపూర్ జైల్లో మగ్గినాడు. ఆరోగ్యం చూసి విడిచిపెట్టమని 2018లో ఐక్యరాజ్యసమితి నిపుణులు అడిగినారు. మన సర్కారు వినలేదు. 2020 ఆగస్టులో తల్లి పోతే కడచూపుకు కూడా పెరోలు దొరకలేదు. 2022 అక్టోబరు 14న హైకోర్టు నిర్దోషి అంటే మరుసటి రోజే సుప్రీంకోర్టు ఆ తీర్పు నిలిపేసింది. 2024 మార్చిలో హైకోర్టు మళ్ళీ నిర్దోషి అన్నాక బయటికి వచ్చినాడు. అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో పోయినాడు. ఆయన రాజకీయాలు నాకు నచ్చినా నచ్చకపోయినా, నేరం లేదని తేలిన మనిషికి పోయిన ఏళ్ళు ఎవరిస్తారు? బయటి వాళ్ళు అడిగితే మన వాళ్ళు ఇచ్చే జవాబు 1946లో దక్షిణాఫ్రికా ఇచ్చినదే. మన దేశమే నిలబెట్టిన వాదాన్ని మన దేశం మీదే వాడితే తప్పేమీ లేదు.

నువ్వు చేరబోయే చోట ఆ బల్ల ముందు ఎవరో ఒకరు 'మీ దేశం సంగతేమిటి' అని అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా, సమర్థించకుండా, పేరు, తేదీ చెప్పు. ఆపైన నీ చేతిలోని ఫైలు దగ్గరికి రా. సొంత ఇల్లు చక్కబెట్టాకే ఎదుటి వాళ్ళను అడగాలంటే లోకంలో ఎవరూ ఎవరినీ అడగలేరు, జైళ్ళ వాళ్ళకు కావాల్సింది అదే. బెనెన్సన్ మొదట్లో పెట్టిన నియమం అందుకే నాకు నచ్చింది. ఆమ్నెస్టీలో ఏ గుంపూ తన సొంత దేశపు ఖైదీని తీసుకోకూడదు, తూర్పు దేశాల ఖైదీ ఒకరు, పడమటి దేశాల ఖైదీ ఒకరు, మూడో ప్రపంచపు ఖైదీ ఒకరు కావాల. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరు అడుగుతారు. సాయిబాబా కోసం ఎక్కడో ఒకరు రాసినారు, ఎక్కడో ఒకరి కోసం నువ్వు రాయి.

ఢిల్లీ ఎందుకు కొన్ని దేశాల దగ్గర మెత్తగా ఉంటుందో కూడా నీకు తెలియాల. మన చుట్టూ ఉన్న పల్లెల నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయిన ఆడవాళ్ళు ఎందరో నీకు తెలుసు. వాళ్ళ జీతాలతో ఇక్కడ ఇళ్ళు లేచినాయి, పిల్లలు చదివినారు. గల్ఫు సర్కారును ఒక రచయిత కోసం గట్టిగా అడిగితే ఈ లక్షల మంది వీసాల మీద దెబ్బ పడుతుందేమోనని భయం. ఆ భయం అబద్ధం కాదు. అందుకే అక్కడికి వేరే గొంతులు వెతకాల, పోగొట్టుకునేది తక్కువ ఉన్న దేశం ఏదో చూసి ఆ రాయబారి దగ్గరికి పోవాల.

డబ్బు జాగ్రత్త, చలి దేశం, మీ అమ్మ కొన్న స్వెటర్లు పెట్టుకో. చేరిన వారంలోనే అక్కడ అన్నిటికన్నా పాత ఫైలు ఏదో అడిగి తీసుకో, చివరి కాగితం ఏ తేదీదో చూడు. ఆ ఖైదీ తల్లి బతికుందో లేదో, ఉంటే ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కనుక్కో. కనుక్కున్నాక నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ.